మిగిలిన చుక్క

నా ఒంటి మీద అయిదు సున్నాలు అచ్చువేసి ఉంటాయి. నా బతుకంతా వాటిలోనే. చూడ్డానికి అట్టముక్కలా ఉంటాను గానీ నేను నూటికి నూరుపాళ్లూ పత్తిని. పత్తి అనగానే జిన్నింగు మిల్లులో ఎగిరే తెల్లటి దూది గుర్తొస్తుందేమో, నాది అంత పెద్ద పుట్టుక కాదు. దూదంతా తీసేసుకున్నాక కూడా గింజను కాస్త నూగు అంటిపెట్టుకుని ఉంటుంది. దారం తీయడానికి పనికిరాదు. దాంతో చేశారు నన్ను. మిగులు సరుకును.

మా వంశానికి మూలపురుషుడు అమెరికాలోని బఫెలోలో పనిచేసిన రాబర్ట్ గుత్రీ. పసికందు మడమ నుంచి నాలుగు చుక్కలు కాగితం మీద పట్టి ఆరబెడితే, పుట్టుకతో వచ్చే ఒక జబ్బును ముందే కనిపెట్టవచ్చని 1960ల మొదట్లో చూపించాడు. సీసాలో రక్తమైతే దానికి చల్లదనం కావాలి, పగలకుండా ఒలకకుండా చూసుకోవాలి. నాకు ఆ మర్యాదలేవీ అక్కర్లేదు. కవర్లో పెట్టి పంపితే ఉత్తరంలా పోతాను. కరెంటు వచ్చీ పోయే ఊళ్లలో నా జాతికి గిరాకీ అందుకే.

నేను 2014లో ఉగాండా చేరాను. తూర్పున బుసోగా ప్రాంతంలో ఒక చిన్న ఆరోగ్య కేంద్రం. ఒక తల్లి ఆరు వారాల బిడ్డను ఎత్తుకొచ్చింది. ఆమెకు హెచ్ఐవీ ఉంది. అది బిడ్డకు పాకిందా లేదా అన్నదే ప్రశ్న. నర్సమ్మ బిడ్డ పాదాన్ని అరచేతిలో పెట్టుకుని కాసేపు వెచ్చబెట్టింది. మడమ పక్కన సూదితో చిన్న పోటు. మొదటి చుక్కను దూదితో తుడిచేసింది. రెండోదాన్ని ఉబ్బనిచ్చి, మడమ నాకు తగలకుండా, సున్నా మధ్యలో పడనిచ్చింది. రక్తం అంచు దాకా పాకి నా వీపు వైపుకు కూడా దిగింది. మొదటి సున్నా, రెండోది బాగానే నిండాయి. మూడో దాని దగ్గర బిడ్డ తన్నాడు, సగమే నిండింది. నాలుగు, అయిదు మళ్లీ నిండుగా పడ్డాయి.

నీడపట్టున, గాలి తగిలేలా, నాలుగైదు గంటలు ఆరబెట్టారు. నా పక్కనున్న కార్డును ఎవరో కిటికీ ఎండలో వదిలేశారు. అది మాడి పనికిరాకుండా పోయింది, ఆ తల్లి మళ్లీ రావాల్సి వచ్చింది. నన్ను మాత్రం పల్చటి నున్నటి కాగితంలో చుట్టి, తేమ పీల్చే పొట్లంతో సహా సంచిలో వేశారు. అక్కణ్ణుంచి మోటారు సైకిలు మీద ఎర్రమట్టి దారి, ఆ తరవాత కంపాలా.

కంపాలాలోని కేంద్ర ప్రజారోగ్య ప్రయోగశాలలో మొదటి రెండు సున్నాల్లోంచీ బిళ్లలు కొట్టి పరీక్ష చేశారు. బిడ్డకు హెచ్ఐవీ లేదు. ఆ కబురు మోసుకుని ఒక కాగితం వెనక్కి వెళ్లింది. నన్ను పెట్టెలో పేర్చారు, నాలాంటి వేలాది కార్డుల మధ్య. పనైపోయిన కార్డుకు పెట్టే గతి.

అయితే ఆ పెట్టెల్లో ఏముందో ఒకసారి చూడండి. దేశంలోని ప్రతి జిల్లా నుంచీ, ఏడాదిన్నర లోపు పిల్లల రక్తం, ఆరిపోయి, అంకె వేసి, సిద్ధంగా ఉంది. ఉగాండా ఆరోగ్యశాఖ, మకెరెరె విశ్వవిద్యాలయం, అమెరికాలోని సిన్సినాటి పిల్లల ఆసుపత్రి వైద్యులు కలిసి ఇదే గమనించారు. సికిల్ సెల్ జబ్బు ఎందరికి ఉందో దేశం మొత్తానికీ లెక్క లేదు. కొత్తగా ఊరూరా తిరిగి మడమలు గుచ్చాలంటే డబ్బు కావాలి, ఏళ్లు పడతాయి. మిగిలిన రక్తాన్నే రెండో ప్రశ్న అడిగితే?

నన్ను పెట్టెలోంచి తీసి నాలుగో సున్నాలోంచి ఒక బిళ్ల కొట్టారు. దాన్ని ద్రవంలో నానబెడితే ఎండిన రక్తం మళ్లీ ఎర్రగా కరిగి వచ్చింది. దాన్ని పల్చటి జెల్ పలక అంచున వేసి కరెంటు పెట్టారు. హిమోగ్లోబిన్‌లో ఒక్కో రకం ఒక్కో చోటికి జరిగి అక్కడ ఆగి గీత కడుతుంది. మామూలు పసివాడికి ఏ, ఎఫ్ అనే రెండు గీతలు. అమ్మ వైపు నుంచో నాన్న వైపు నుంచో ఒక్క సికిల్ జన్యువే వచ్చినవాడికి మూడో గీతగా ఎస్ చేరుతుంది, వాడికి జబ్బు ఉండదు, మోసుకెళ్తాడంతే. నా బిళ్ల వంతు వచ్చింది. ఏ ఉండాల్సిన చోట ఖాళీ. మధ్యలో ఎఫ్ లావుగా. దాని పక్కన ఎస్, సన్నటి గీత.

ఆ ఖాళీకి అర్థం, ఇద్దరి నుంచీ వచ్చిందని.

ఎఫ్ అంటే కడుపులో ఉన్నప్పటి హిమోగ్లోబిన్. పుట్టాక కొన్ని నెలల పాటు అది బిడ్డను కాస్తుంది. అందుకే ఆరు వారాలప్పుడు వాడు ఏ లోటూ లేకుండా నన్ను తన్నగలిగాడు. అర్ధ సంవత్సరం దాటేసరికి ఎఫ్ తగ్గి ఎస్ పెరుగుతుంది. ఆక్సిజన్ వదలగానే ఎస్ అణువులు ఒకదానికొకటి అంటుకుని కడ్డీలు కడతాయి, గుండ్రటి కణం కొడవలిలా వంగుతుంది. సన్న నాళాల్లో ఇరుక్కుంటుంది. మామూలు ఎర్రకణం 120 రోజులు బతికితే ఇది 10 నుంచి 20 రోజులు. చంటిబిడ్డ చేతులూ పాదాలూ ఉన్నట్టుండి వాచిపోవడం చాలాసార్లు మొదటి గుర్తు. ప్లీహం దెబ్బతిన్నాక న్యుమోకాకస్ లాంటి సూక్ష్మజీవులు గంటల్లో ప్రాణం తీస్తాయి. లుగాండా భాషలో ఈ జబ్బును నలుబిరి అంటారు. ఆ తల్లి ఇంకా ఆ మాట అనుకోలేదు. వాడి విషయం ఒక కాగితం ముక్కకు ముందు తెలిసింది, నాకు ఇదేమంత సంతోషం కాదు.

అలా 97,631 మంది పిల్లల రక్తం చూశారు. 13.3 శాతం మందిలో ఒక జన్యువు, 716 మందిలో జబ్బు. నైరుతిలో 4.6 శాతం ఉన్న జన్యువు మా తూర్పు మధ్య ప్రాంతంలో 19.8 శాతం, అంటే అయిదుగురిలో ఒకరికి. ఫలితాలు 2016లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో అచ్చయ్యాయి. హెచ్ఐవీ పరీక్షకు వచ్చిన పిల్లలే గనుక ఇది ఇంటింటి లెక్క కాదు, ఆ మాట ఒప్పుకోవాలి. అయినా ఎక్కడ ముందు మొదలుపెట్టాలో చెప్పే పటం ఒకటి తయారైంది. జబ్బు ఎక్కువున్న జిల్లాల్లో పసిపిల్లల పరీక్షలు ఆ పటం చూసే మొదలయ్యాయి.

ఉగాండాలో అంతకు ముందు జరిగిన పెద్ద సర్వే 1949 నాటిది. హెర్మన్ లేమన్, అలన్ రేపర్ అనే ఇద్దరు తెగల వారీగా చూసి, పశ్చిమాన బాంబా తెగలో 45 శాతం దాకా ఈ జన్యువు ఉందని రాశారు. ఆ తరవాత ఆంథొనీ అలిసన్ కంపాలా చుట్టుపక్కల 290 మంది పిల్లల రక్తం చూశాడు. సికిల్ జన్యువున్న 43 మందిలో మలేరియా క్రిములు కనిపించింది 12 మందికి, లేని 247 మందిలో 113 మందికి. 1954లో అచ్చయిన ఆ లెక్కతో, ఇంత ప్రాణాంతకమైన జన్యువు దోమలున్న చోట ఎందుకు పోకుండా నిలిచిందో తెలిసింది. ఒకటుంటే మలేరియా నుంచి కాపు, రెండుంటే నలుబిరి. అన్నట్టు మీ దక్షిణాదిలో, నీలగిరి కొండల్లో ఇదే జన్యువు ఉందని 1952లో అచ్చువేసి చూపించిందీ ఆ లేమనే. ఇవాళ ఆదిలాబాద్, భద్రాచలం ఏజెన్సీ గూడేల్లో సికిల్ సెల్ పరీక్షలు చేస్తున్నారంటే ఆ కథ మొదటి పేజీ అక్కడిది. ఆదిలాబాద్‌లో పత్తి కూడా పండుతుంది. ఈ రెండు చుట్టరికాల్లో ఏది దగ్గరిదో నేను తేల్చుకోలేను.

మందు మాట. హైడ్రాక్సీయూరియా అని ఒకటుంది, క్యాన్సర్‌కు వాడేది. అది చేసే ముఖ్యమైన పని, మందగించిన ఎఫ్‌ను మళ్లీ నిద్రలేపడం. ఆ జెల్ పలక మీద నేను లావుగా చూసిన గీతనే. అమెరికాలో 1998లోనే పెద్దవాళ్లకు అనుమతి వచ్చింది. ఆఫ్రికా పిల్లలకు మాత్రం ఇవ్వడానికి వెనకాడారు. తెల్లకణాలు తగ్గిస్తుంది, అక్కడ చూస్తే మలేరియా, అర్ధాకలి, పిల్లలు తట్టుకోగలరా అని. భయం అర్థం లేనిది కాదు. కాకపోతే జబ్బున్న పిల్లల్లో నాలుగింట మూడొంతులు పుట్టేది సహారాకు దిగువన. అక్కడ తేల్చుకోకుండా ఇరవై ఏళ్లు ఊరుకోవడం ఏం జాగ్రత్తో నాకు అర్థం కాదు.

ముందు కంపాలాలోని ములాగో ఆసుపత్రిలో నాలుగేళ్ల లోపు పిల్లలు రెండు వందల పైచిలుకు మందిని తీసుకుని, సగం మందికి మందు, సగం మందికి ఉత్త గుళిక ఏడాది పాటు ఇచ్చారు. మందు వల్ల మలేరియా పెరగలేదని 2017లో తేలింది. ఆ తరవాత ఇంకా పెద్ద ప్రయోగం. లువాండా, కిన్షాసా, కిలిఫి, మా తూర్పు ఉగాండాలోని ఎంబాలె, నాలుగు ఊళ్లు, ఏడాది నుంచి పదేళ్ల వయసున్న 606 మంది పిల్లలు. దాని ఫలితం కిన్షాసా వైద్యుడు లియోన్ చిలోలో మొదటి రచయితగా 2019లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. ఇందులో ఉత్త గుళికలు లేవు. మందు మొదలుకాక ముందు ఆ పిల్లలు ఎలా ఉన్నారో, మొదలయ్యాక ఎలా ఉన్నారో పోల్చారు. వందమంది పిల్లల్ని ఏడాది పాటు చూస్తే నొప్పి విరుచుకుపడిన సార్లు 98.3 నుంచి 44.6కు దిగాయి. మలేరియా 46.9 నుంచి 22.9కి. రక్తం ఎక్కించాల్సి రావడం 43.3 నుంచి 14.2కు. చావులు 3.6 నుంచి 1.1కి. మలేరియా పెరుగుతుందని భయపడిన చోట సగానికి తగ్గింది, ఈ ఒక్క వరుసనే నేను మళ్లీ మళ్లీ విన్నాను, పెట్టె మూత కాస్త తెరిచి ఉన్నప్పుడు.

నన్ను తన్నినవాడు ఆ మందు మింగాడా? నా మీద ఉన్నది అంకె, పేరు కాదు. ఆ 716లో వాడొకడని నాకు తెలుసు. బతికి ఉంటే ఇప్పుడు పన్నెండో ఏడు. బడిలో వాణ్ణి అక్కడి వాడుకలో సిక్లర్ అంటుంటారేమో. నాకా మాట నచ్చదు. జబ్బునే మనిషి పేరుగా పెట్టేస్తుంది.

మొదటి సున్నాకూ రెండోదానికీ ఇప్పుడు కంతలు. నాలుగో దానికీ అంతే. మూడోది సగం నిండినది, దాన్నెవరూ ముట్టుకోలేదు. అయిదోది చెక్కుచెదరకుండా ఉంది, గోధుమరంగుకు తిరిగి, అంచున కాస్త ముదురుగా.