ఊరందరి పేర్లూ మోసినదాన్ని

నేను ఐఆర్‌సీ సర్వర్ని, అంటే ఇంటర్నెట్‌లో జనం చానళ్లనే గదుల్లో చేరి టైపు చేసుకుంటూ కబుర్లాడుకునే ఊరిని మోసే యంత్రాల్లో ఒకదాన్ని. యూరప్‌లో ఒక విశ్వవిద్యాలయం కంప్యూటర్ గదిలో, ఎవరికీ అక్కర్లేని పాత యూనిక్స్ యంత్రంగా మూలన పడి ఉంటే, ఇద్దరు విద్యార్థులు ఈ ప్రోగ్రామ్ ఎక్కించారు. జీతం వాళ్లకూ లేదు, నాకూ లేదు. మా వంశం 1988 ఆగస్టులో ఫిన్లాండ్‌లోని ఔలు విశ్వవిద్యాలయంలో మొదలైంది. మూలపురుషుణ్ని రాసినాయన యార్కో ఓయికరినెన్.

మా సర్వర్లన్నీ చెట్టుకొమ్మల్లా అల్లుకుని ఉంటాయి. ఏ ఇద్దరి మధ్యనైనా దారి ఒక్కటే. రెండోది ఉంటే చెప్పిన మాటే చుట్టూ తిరిగి మళ్లీ వస్తుంది కాబట్టి, పెట్టరు. అందుకే ఎక్కడో సముద్రం కింది కేబుల్ మొరాయిస్తే సగం ఊరు మాయం. దాన్ని నెట్‌స్ప్లిట్ అనేవాళ్లు. వందలమంది ఒక్కసారిగా లేచిపోయినట్టు తెర మీద వరసలు దిగేవి. నిజానికి ఎవరూ కదల్లేదు. అవతలివాళ్లకేమో మేమే లేచిపోయినట్టు కనపడేది.

అంతకన్నా బరువు పేర్లది. చానల్లో అన్న మాట ఆ చానల్ మనుషులున్న కొమ్మల వైపే పోతుంది. పేరు మారిస్తే మాత్రం ప్రతి సర్వర్‌కూ కబురు వెళ్లాలి. నా తలుపు తట్టేది కొందరే అయినా, నెట్‌వర్క్‌లో ఉన్న ప్రతివాడూ నాకు గుర్తుండాలి. కొత్త సర్వర్లను చేర్చితే జనానికి చోటు పెరిగేది, నా మోత తగ్గేది కాదు. ఈ పద్ధతి పెద్ద ఊళ్లకు ఆగదని మా నియమాలు రాసిన 1993 నాటి ఆర్‌ఎఫ్‌సీ 1459 పత్రమే ఒప్పుకుంది. పేరు తొమ్మిది అక్షరాలు దాటకూడదని కూడా అందులోనే ఉంది. నా మీద దయ తలచారనే అనుకున్నాను.

స్ప్లిట్ వేళ అవతల ఎవడో మీ పేరు పెట్టుకున్నాడనుకోండి. కొమ్మలు కలవగానే ఇద్దర్నీ గెంటేయడమే అప్పట్లో నాకు తెలిసిన న్యాయం. అల్లరిమూకలకు అదే ఆయుధమైంది. మందేమిటన్న దగ్గర నిర్వాహకులకే పడలేదు. టైమ్‌స్టాంప్ చూసి ముందు తీసుకున్నవాడికే పేరు ఇవ్వాలని అమెరికా పక్షం. స్ప్లిట్‌లో పోయిన పేరును కాసేపు ఎవరికీ దక్కనివ్వకూడదని యూరప్ పక్షం. 1996 జూలైలో మా నెట్‌వర్క్ ఈఎఫ్‌నెట్ రెండైంది. నేను యూరప్ పక్షపు ఐఆర్‌సీనెట్ వాటాకు వచ్చాను. ఈసారి కేబుళ్లన్నీ బాగానే ఉన్నాయి, అయినా మళ్లీ కలవలేదు.

చివరికి నన్ను ముంచింది రద్దీ కాదు, పంతం. చానల్ నుంచి వెళ్లగొట్టారన్న కసితో ఒకడు, దొంగచాటుగా లోబరుచుకున్న కంప్యూటర్లన్నిటి చేతా నా మీద చెత్త ప్యాకెట్లు కుమ్మరించేవాడు. నాతోపాటు లైబ్రరీకీ, ఆచార్యుల ఈమెయిళ్లకూ దారి మూసుకుపోయేది. ఊరికే చోటిచ్చినవాళ్లు ఎన్నాళ్లని భరిస్తారు? లింకు తీసేయమన్నారు. వాళ్లను తప్పుపట్టను.

స్టోర్‌రూమ్‌లో నా పక్కకు వచ్చి పడిన కుర్ర సర్వర్ ఒకటి ఈమధ్య కబురు చెప్పింది. 2021 మేలో ఫ్రీనోడ్ నెట్‌వర్క్‌లో పెత్తనం ఎవరిదన్న గొడవ ముదిరి, స్వచ్ఛందంగా పనిచేసే సిబ్బంది మూకుమ్మడిగా తప్పుకున్నారట. లిబెరా చాట్ పేరుతో వేరు కుంపటి పెడితే చానళ్లు వాళ్ల వెంటే నడిచాయట. మరి ఫ్రీనోడ్ యంత్రాలకు ఏమైందని అడిగాను. సిబ్బంది వెళ్లిపోయిననాడు వాటికేమీ కాలేదట, నిక్షేపంగా నడుస్తూనే ఉన్నాయట.