అనుమానం రిజిస్టర్

మోత్కూర్ 2016లో నల్లగొండ జిల్లా నుంచి యాదాద్రి భువనగిరికి మారింది, 2018లో మున్సిపాలిటీ అయింది. చౌరస్తా హోటల్లో సాసర్లో చాయ్ ఊదుకుంటూ పెళ్లికాని మగవాళ్ల లెక్క తీసే పెద్దమనిషి మాత్రం ఏమీ మారలేదు. (మోత్కూర్‌దే ఈ ఘనత అనుకోవద్దు, ఏ మండల కేంద్రంలోనైనా ఒకరిద్దరు దొరుకుతారు.) ముప్పై దాటినా లగ్గం కాలేదా, అంగీ ఇస్త్రీ మడత చెదరలేదా, కూర మంచిగా వండుతాడా, ఇక కేసు తేలినట్టే. "గా పిలగాని ముచ్చట ఎరుకేనా?" అని గొంతు తగ్గిస్తాడు. పక్క టేబుల్‌కు వినపడేంత వరకే తగ్గిస్తాడు. ఆ ముచ్చట ఏమిటో మాత్రం పేరుపెట్టి చెప్పడు. చెబితే ఎవరైనా సాక్ష్యం అడగొచ్చు.

ఈయన్ని పనిలేనివాడని కొట్టిపారేస్తే అన్యాయం. ఈ పద్ధతి ఒకప్పుడు సర్కారుదే. నిజాం రాజ్యంలో 1329 ఫసలీలో, అంటే 1919లో, హిజ్రాల మీద తెచ్చిన యూనక్స్ చట్టం పిల్లల్ని ఎత్తుకుపోతారనో, ప్రకృతికి విరుద్ధంగా నడుస్తారనో అనుమానం ఉంటే చాలు, పేరు రిజిస్టర్‌కెక్కించమంది. అలా పేరెక్కినవాళ్లు చీరకట్టుతో వీధిలో కనబడితే వారెంటు లేకుండా పట్టుకోవచ్చంది. 2014లో సుప్రీంకోర్టు తాము ఆడో మగో మరొకరో ఎవరికి వాళ్లే చెప్పుకోవాలంది, 2018లో స్వలింగ సంబంధాలను నేరమన్న 377 సెక్షన్ కోరలు పీకింది. 2023లో తెలంగాణ హైకోర్టు ఆ పాత చట్టాన్ని కొట్టేసింది. హోటల్ రిజిస్టర్ మీద రిట్ వేసే వీలు లేదు గనుక అది నడుస్తూనే ఉంది.

ఆడతీరు మగవాణ్ని ఊరు ఓర్వదు, ఆయనేం చేస్తాడని ఒక సమర్థింపు. మరి బోనాలప్పుడు చీర కట్టి, పసుపు పూసుకుని శిగమూగే మగ శివసత్తికి మొదట చేతులు జోడించేది ఈయనే. ఒగ్గుకథలో మగమనిషి కొంగు కప్పుకుని ఏడిస్తే కళ్లు తుడుచుకునేదీ ఈయనే. చీరతో పేచీ లేదు, ఇస్త్రీ అంగీతోనే వచ్చింది.

"పిల్లనిచ్చేటోళ్లు అర్సుకోవద్దా? ఆడపిల్ల బతుకు ఆగమైతే?" అన్నది గట్టి ప్రశ్నే. కానీ ఈ ఆరాకు దొరికేది పెళ్లి వద్దన్నవాడు. ఈ నోళ్లకు జడిసి, ఇష్టం లేకున్నా తలవంచుకుని పీటల మీద కూర్చున్నవాడి పేరు ఆ రోజే రిజిస్టర్లోంచి కొట్టేస్తారు. ఆగమయ్యే ఆడపిల్ల ఆ పక్క పీట మీదే ఉంటుంది. మొదటి బంతిలో కూర్చుని, "నేను ముంగటనే చెప్పిన, పిలగాడు బంగారం" అంటూ ఇంకో ముక్క వేయించుకునేది మన పెద్దమనిషి.