మూడు నెలలు కనబడకపోతే

ఏం చెప్పినా ‘తాతా, నీ కాలం వేరు’ అంటారు మీరు. వేరేనప్పా. మా రోజుల్లో పింఛను ఆగిందంటే మనిషి పోయినట్టే లెక్క. ఇప్పుడు మనిషి గుండ్రాయిలా తిరుగుతుంటాడు, పింఛను మాత్రం పోయుంటుంది.

1995లో కేంద్రం వృద్ధాప్య పింఛను పెట్టినప్పుడు నెలకు 75 రూపాయలు. మా జొన్నగిరిలో పంచాయతీ ఆఫీసు అరుగు మీద పేర్లు పిలిచి, పట్టీలో వేలిముద్ర వేయించుకుని, చేతిలో పెట్టేవాళ్లు. పిలిస్తే పలకకపోతే తలారి లేచి ఆ ఇంటికి పోయేవాడు. ‘అవ్వ పత్తికొండలో కూతురింటికి పోయింది సామీ, సంతనాటికి వస్తుంది’ అని వచ్చి చెబితే ఆ డబ్బు పక్కన పెట్టేవాళ్లు. దానికి అర్జీ లేదు, ఆధారం లేదు. నెలనెలా సరిగ్గా వచ్చిందీ లేదు, అది ఒప్పుకోవాల్సిందే. టీనీళ్లకని అందులో ఐదో పదో కొట్టేసినవాళ్లూ ఉన్నారు. అయినా ఎవరు ఎక్కడున్నారో ఊరికి తెలుసు.

ఇప్పుడు రాష్ట్రం ఇచ్చేది, 2024 జులై నుంచి, 4000. ఒకటో తారీకు తెల్లవారకముందే సచివాలయం పిల్లలు వాకిట్లోకొచ్చి ఇచ్చిపోతున్నారు. మంచిదే, కాదనను. కానీ ఆ వేలిముద్ర మిషను ముందర ముసలామె అవస్థ ఒకసారి దగ్గరగా నిలబడి చూడండి. ముంగారు వానలకు వజ్రాల కోసం చేలల్లో మట్టి గోకి, ఎండాకాలం దాకా మిరపకాయలు కోసి, ఆ వేలికి గీతలే మిగల్లేదు. కొంగుకు తుడుస్తుంది, నోటి ఆవిరి పడుతుంది, మళ్లీ పెడుతుంది. మిషను ఒప్పుకోదు. కన్ను చూపించమంటారు. కంట్లో పొర.

ఇంట్లో ఉన్నవాళ్ల సంగతే ఇది. సుగ్గికి, అంటే కోతల కూలికి వలస, పోయినోళ్ల మాటేమిటి? ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి పక్క ఊళ్లకు ఊళ్లే పత్తి ఏరడానికీ మిరప కోతలకీ గుంటూరు దాకా తరలిపోతాయి. మొగుడూ పెళ్లామూ చేలో దిగితే గుడిసె దగ్గర మనవడిని పట్టుకునేది ఎవరు? అవ్వే. ఆమె పింఛనేమో ఇక్కడ, తాళం వేసిన ఇంటి ముందర. అంతకుముందైతే ఆ నెలది ఆ నెలకే పోయేది. 2024 చివర్లో నిబంధన మార్చి, రెండు నెలలు తీసుకోకపోయినా మూడో నెలలో అంతా కలిపి ఇస్తామన్నారు. మంచి పని చేశారు. కానీ మూడో నెలా రాకపోతే శాశ్వతంగా వలసపోయినట్టు రాసి ఆపేస్తారు. మిరప కోతలకు పోయినవాళ్లు ఎన్ని నెలలకు తిరిగొస్తారో ఈ లెక్క వేసినవాళ్లు కోసిగి రైల్వే స్టేషన్లో నిలబడి అడిగుంటే బాగుండేది. సంక్రాంతి దాటి పోయి ఉగాదికి వచ్చేస్తే సరిపోవచ్చు, కానీ ఒకోసారి ఎండలు ముదిరేదాకా రారు.

రేషన్ కార్డు ఈ-కేవైసీ కూడా అంతే. 2025లో మార్చి 31 లోపల అన్నారు, అదే కోతల కాలం. తర్వాత ఏప్రిల్ 30 దాకా పొడిగించారు కాబట్టి సరిపోయింది. అదే ఏడు ఆగస్టులో దివ్యాంగుల సదరం సర్టిఫికెట్లు మళ్లీ పరీక్షించి నోటీసులిచ్చారు. అప్పీలు పెట్టుకోమన్నారు, పెట్టుకున్నవాళ్లకు డబ్బు ఆపలేదు. చూడండి, ముందు ఇచ్చి తర్వాత విచారించడం సర్కారుకు చేతకానిదేం కాదు!

ఆగిన పింఛను మళ్లీ తెరవమంటే ఆ అవ్వే సచివాలయానికి పోవాలి, అర్జీ పెట్టాలి, ఎప్పుడు మంజూరవుతుందో కాచుకోవాలి. ఆపడానికి ఆమె సంతకం అడగలేదు కదా? తెరవడానికి ఎందుకు ఆమెను తిప్పడం? మీరు చదువుకున్నారు, ఫోన్లో వేళ్లు ఆడిస్తే లోకమంతా కనబడుతుందంటారు. మరి పక్కింటివాళ్లకు తెలిసిన సంగతి మీ ఫోనుకెందుకు తెలియదు?

తాళం చూసిన పిల్లాడు పక్కింట్లో ఒక మాట అడిగి, ‘సుగ్గికి పోయింది’ అని రాసుకోవాలి. అలా రాసినవాళ్ల పేరు ఆరు నెలలు తీసేయకూడదు. తిరిగొచ్చిన నెల ఒకటో తారీకు వాకిట్లోనే వేలిముద్ర తీసుకుని, పోయిన నెలలన్నిటిదీ లెక్కకట్టి అక్కడే ఇవ్వాలి. ఈ ఏటి మిరప కోతలకు బండ్లు కదలకముందే ఆ ఉత్తర్వు రావాలి.