బ్యాటరీ ఆటో కంట్రోలర్ పోయిందా? ఈ సలహాలు వినకండి

ఆలమూరు నుంచి జొన్నాడ, అక్కణ్ణుంచి గౌతమి వంతెన మీదుగా రావులపాలెం. ఈ దారిలో ఆటోయే జీవనాధారమైన మనిషికి కంట్రోలర్ కాలితే ఆ రోజు కూలి పోయినట్టే. అలాంటప్పుడు స్టాండులో సలహాలకు కొదవుండదు. వాటిలో ఇంకా నష్టం చేసేవి ఇవి.

1. "చక్రం బిగిసింది, మోటారు మార్చెయ్."
తొందరపడకండి. ముందు మోటారుకు వెళ్లే మూడు లావు వైర్లు విప్పండి. చక్రం తేలిగ్గా తిరిగితే తప్పు కంట్రోలర్‌లోనే ఉండొచ్చు. అందులో కరెంటును కలిపి విడదీసే స్విచ్‌లైన మాస్ఫెట్లు షార్టయితే మోటారుకు అలాగే బ్రేకు పడుతుంది.

2. "కాలిన మాస్ఫెట్ ఒక్కటి మారిస్తే చాలు."
చాలదు. మూడు ఫేజులకూ పైనొకటి, కిందొకటి చొప్పున ఆరు స్విచ్‌లుంటాయి. ఒక్కో స్విచ్‌లో రెండు మూడు మాస్ఫెట్లు కలిసి పనిచేస్తాయి. ఒకటి పోతే దాని జతవి కూడా దెబ్బతిని ఉండొచ్చు. ఆ జట్టంతా ఒకే రకానివి వేయించండి. మాస్ఫెట్లను నడిపే గేటు రెసిస్టర్లు, డ్రైవర్ చిప్ కూడా చూపించండి.

3. "200 వోల్టుల మాస్ఫెట్ వేస్తే ఇక కాలదు."
48 వోల్టుల లెడ్ బ్యాటరీ ఫుల్ ఛార్జింగులో దాదాపు 58కి చేరుతుంది. ఆపైన వచ్చే వోల్టేజి కుదుపులకు 100 వోల్టుల మాస్ఫెట్ సాధారణంగా సరిపోతుంది. మాస్ఫెట్ తట్టుకునే వోల్టులు పెరిగేకొద్దీ సాధారణంగా దాని నిరోధమూ పెరుగుతుంది. 50 ఆంపియర్లకు 5 మిల్లీఓమ్‌లైతే 12.5 వాట్ల వేడి, 15 అయితే 37.5 వాట్లు.

4. "షంట్ మీద టంకం పోస్తే పికప్ పెరుగుతుంది."
షంట్ చూసే కంట్రోలర్ కరెంటును కొలుస్తుంది. టంకం పోస్తే షంట్ నిరోధం తగ్గి, కంట్రోలర్ అసలు కన్నా తక్కువగా లెక్కేసుకుని ఎక్కువ కరెంటు వదులుతుంది. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలు.

5. "మాస్ఫెట్ వెనకున్న మైకా రేకు తీసేస్తే బాగా చల్లబడుతుంది."
మాస్ఫెట్ వెనకున్న లోహపు రేకు కరెంటు పారే డ్రెయిన్ కాలికే కలిసి ఉంటుంది. మైకా లేకుంటే హీట్‌సింక్ మీదుగా షార్టు. మైకా ఉంచి, పేస్టు పలచగా రాయించండి.

6. "ఫ్యూజు ఆగట్లేదు, రాగి తీగ చుట్టు."
వద్దేవద్దు. అప్పుడు మాస్ఫెట్ షార్టయితే బ్యాటరీ మొత్తం కరెంటు వైర్లలో పారి మంటలు లేవొచ్చు.

పెట్టె విప్పే ముందు బ్యాటరీ తీసేయండి. కెపాసిటర్లలో ఛార్జి పోయిందో లేదో మీటరుతో చూడండి. కొత్త మాస్ఫెట్ వేసే ముందు మెకానిక్‌ను ఒక్క మాట అడగండి: పాతది ఎందుకు కాలింది? వేడికా, తడికా, అధిక లోడుకా? ఆ కారణం తేలకుండా వేస్తే కొత్తదీ కాలుతుంది, మీ డబ్బు రెండోసారి పోతుంది.