దప్పికకు లెక్కల మాస్టారు

అనంతపురం వాళ్లకు నీళ్లు తాగడం రాదట. పాపం, నేర్పేవాళ్లు లేక ఇన్నాళ్లూ దప్పికైతే తాగాం, తీరాక చెంబు పక్కన పెట్టేశాం. ఇప్పుడా కొరత తీరింది. తెల్లారేసరికి వాట్సాప్‌లో ఎనిమిది గ్లాసుల బొమ్మ దిగుతుంది. లేవగానే రెండు, స్నానానికి ముందొకటి, అన్నానికి అరగంట ముందొకటి, పడుకోబోతూ ఒకటి. గంటగంటకూ గుర్తుచేసే యాప్‌లున్నాయి. ఎన్ని గంటలకు ఎంతవరకు ఖాళీ కావాలో గీతలు గీసిన సీసాలున్నాయి. మాకు ఏడాదికి పడే వాన 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. నైరుతి పడమటి కనుమల్లోనే బరువు దించుకుని వస్తుంది, ఈశాన్యం కోస్తాలోనే ఖర్చు పెట్టేసుకుని వస్తుంది. ఇలాంటి నేలకొచ్చి ‘మీరు నీళ్లు తక్కువ తాగుతున్నారు’ అని చెప్పడానికి గుండె ధైర్యం కావాలి, మెచ్చుకోవాలి.

ఈ లెక్కకు మూలం ఎక్కడని వెతికినవాళ్లు ఎక్కువగా చూపించేది 1945 నాటి ఒక అమెరికా సిఫారసును. పెద్దవాళ్లకు రోజుకు సుమారు రెండున్నర లీటర్ల నీరు చాలునని అక్కడి ఆహార పోషణ మండలి రాసింది. ఆ వెంటనే, ఇందులో ఎక్కువ భాగం వండిన తిండిలోనే ఉంటుందని కూడా రాసింది. మొదటి వాక్యం ప్రపంచమంతా తిరిగింది. రెండోదాన్ని ఎవరో గ్లాసు నీళ్లతో మింగేశారు. మన సంగటిలో, పప్పులో, చారులో, మజ్జిగలో ఉన్న నీళ్లు నీళ్లే కాకుండా పోయాయి. 2002లో హైంజ్ వాల్టిన్ అనే మూత్రపిండాల శాస్త్రవేత్త ఎనిమిది గ్లాసులకు శాస్త్రీయ ఆధారం కోసం గాలించి, ఏమీ దొరకలేదని తేల్చేశాడు. 2022లో ‘సైన్స్’ పత్రికలో ఇంకో పరిశోధన వచ్చింది. 23 దేశాలకు చెందిన 5,604 మంది ఒంట్లోకి వచ్చీపోయే నీటిని కొలిస్తే ఒకరి లెక్కకు మరొకరి లెక్కతో పొంతనే లేదు. వయసు, ఒడ్డూపొడుగూ, చేసే పని, కాసే ఎండ, వీటిని బట్టి అది మారిపోతోంది. అయినా బొమ్మలో గ్లాసులు ఎనిమిదే. వాట్సాప్‌కు పరిశోధనలు ఎక్కవు.

మన తెలుగువాళ్లం అమెరికా కంటే వెనకబడతామా? ప్రకృతి వైద్యం చెప్పే మంతెన సత్యనారాయణరాజు గారు రోజుకు నాలుగైదు లీటర్లు తాగమంటారు. పైగా ఉప్పు మానమంటారు. కూర్చుని పనిచేసేవాళ్లు, రక్తపోటు ఉన్నవాళ్లు ఉప్పు తగ్గించుకోవడం మంచిదే, కాదనను. కానీ మే నెలలో ఉపాధి హామీ పనికెళ్లి గట్టి నేల తవ్వే మనిషిని ఒకసారి తలుచుకోండి. ఎనిమిది గ్లాసులు ఆ మనిషికి పొద్దున పదింటికే అయిపోతాయి. చెమటతో నీళ్లొక్కటే పోవు, ఉప్పూ పోతుంది. ఉప్పు లేకుండా ఉత్త నీళ్లే కడుపు నిండా పోస్తే రక్తంలో సోడియం పలచబడి మనిషి పడిపోవచ్చు. 2002లో బోస్టన్ మారథాన్ పరుగెత్తినవాళ్లలో 488 మంది రక్తం పరీక్షిస్తే, 13 శాతం మందికి సోడియం ఉండాల్సిన దానికంటే తక్కువుంది. దారి పొడుగునా అతిగా తాగడం అందుకు ఒక ముఖ్య కారణం. ఉప్పేసిన మజ్జిగ, అంబలి గంపలో పెట్టుకుని పోయే మా కూలీలు ఆ పరిశోధన చదవలేదు, అయినా పాసయ్యారు. మొత్తానికి ఏసీ గదిలో కూర్చున్నవాడికి ఎక్కువై, చేనులో వంగినవాడికి చాలనిదాన్ని అందరికీ సరిపోయే కొలత అంటున్నారు.

కిడ్నీలో రాళ్లొచ్చినవాళ్లు ఎక్కువ తాగాలి, నిజమే. ముసలివాళ్లకు దప్పిక సరిగా తెలీదు కాబట్టి ఇంట్లోవాళ్లు గుర్తుచేయాలి. గుండె, కిడ్నీ దెబ్బతిన్నవాళ్లలో కొందరికి డాక్టరు తగ్గించమనే చెబుతాడు. ఇవన్నీ మనిషిని చూసి చెప్పే మాటలు, గోడ మీద అతికించేవి కావు.

ఇక అసలు సంగతి. ఎంత తాగాలన్నది మాకు రెండో ప్రశ్న. ఏ నీళ్లన్నది మొదటిది. ఈ జిల్లాలో చాలా ఊళ్ల బోర్లలో ఫ్లోరైడ్ ఉంది. లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దారి లేకపోతే 1.5 దాకా ఓర్చుకోవచ్చని మన ప్రమాణం. రోజుకు మొత్తం మీద 6 మిల్లీగ్రాములు దాటి ఒంట్లోకి పోతే ఎముకలకు ముప్పు పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిస్తోంది. లీటరుకు 3 మిల్లీగ్రాములున్న బోరు అనుకోండి. లీటరున్నర తాగితే నాలుగున్నర. సలహా విని మూడు లీటర్లు తాగితే తొమ్మిది. ఆరోగ్యం కోసం ఎంత శ్రద్ధగా తాగితే నడుము అంత శ్రద్ధగా వంగుతుంది. ఈ మాట ఏ గీతల సీసా మీదా ఉండదు.

అందుకే మాకు పైపు నీళ్లంటే పండగ. 1990ల నడుమ పుట్టపర్తి సత్యసాయి ట్రస్టు 731 గ్రామాలకు తాగునీళ్లిచ్చింది. 1999లో తపాలా శాఖ దాని మీద స్టాంపు కూడా వేసింది. కొళాయిలో నీళ్లు రావడం స్టాంపు వేయదగ్గ వింతయిన జిల్లా ఇది. శ్రీరామరెడ్డి తాగునీటి పథకంలోనైతే జీతాలు రాలేదని కార్మికులు సమ్మెకు దిగినప్పుడల్లా ఊళ్లకు ఊళ్లు బిందెలు పట్టుకుని ట్యాంకరు కోసం చూస్తాయి. ఆ రోజుల్లో ఎనిమిది గ్లాసుల బొమ్మ పంపినవాళ్లు దయచేసి బిందె కూడా మోయండి. ఐదుగురున్న ఇంట్లో మనిషికి మూడు లీటర్లంటే పదిహేను లీటర్లు. అది తాగను మాత్రమే. వండను, కడగను, గొడ్లకు వేరే.

తాగిన నీళ్లు బయటికి కూడా పోవాలి కదా. ఈ ముక్క ఆరోగ్య సలహాల్లో ఎక్కడా కనబడదు. ఆడకూలీలు పొద్దున్నుంచి గొంతెండినా గుక్కెడు తాగకుండా ఓర్చుకునేది నీళ్ల విలువ తెలియక కాదు. చెనిక్కాయ మొక్క మోకాలెత్తు కూడా రాదు, చాటుకు పనికిరాదు. కనుచూపు మేర చెట్టుండదు. బడిలో మరుగుదొడ్డికి తాళమేసి ఉంటే ఆడపిల్లలు చేసేదీ ఇదే. చివరికి మూత్రంలో మంటో, కిడ్నీలో రాయో వచ్చి ఆస్పత్రికెళితే, ‘నీళ్లు తాగవేమ్మా, రోజుకు మూడు లీటర్లు తాగు’ అని చీటీ రాసిస్తారు. డాక్టరుగారూ, ఆ మూడు లీటర్ల కింద మరుగుదొడ్డి ఒకటి అని కూడా రాయండి. మందుల షాపులో లేదంటే పంచాయతీ ఆఫీసులో అడుగుతాం.