అడంగలు కెక్కిన అడుగులు

నడచుటకు రెండు కాళ్లును, ఒక త్రోవయు నుండిన జాలునని నమ్మిన అమాయకయుగ మొకటి మన కన్నులయెదుటనే గతించినది. ఇప్పుడు నడకకు ముందుగా కావలసినది స్మార్ట్‌ఫోను. పిమ్మట దానిలో అడుగుల లెక్క వ్రాయు ఆప్. పిమ్మట ఆ లెక్కను చూచి భేషనుటకు ఒక వాట్సాప్ గ్రూపు. ఈ మూడును సమకూడిన పిదప, వేళ చిక్కినయెడల, కాళ్లు.

మా వీథిలో ఒక విశ్రాంత తహశీల్దారుగారు కలరు. విశాఖపట్టణమున బీచిరోడ్డుపై వాహనముల నాపివేసి నడచువారికి విడిచిపెట్టు ప్రాతఃకాలమున ఆయన తప్పక ప్రత్యక్షమగుదురు. జీవితమంతయు రెవిన్యూ శాఖలో గడపిన వారగుటచే ఆయనకొక సుస్థిరసిద్ధాంతము కలదు: అడంగలు అను సాగుభూముల లెక్కలో నెక్కని పొలము పొలము కాదు, ఎక్కినచో చెరువైనను పొలమే. ఈ న్యాయమును ఆయన ఉద్యోగముతోపాటు వదలిపెట్టక నడకకును అన్వయించుకొనిరి. ఒకనాడు సగము దారి నడచిన పిదప ఫోను ఇంట మఱచితినని జేబు తడవి గ్రహించి, అంతవఱకు నడచినదెల్ల రద్దయినట్లే యెంచి, ఆటో యెక్కి ఇంటికిం బోయి, ఫోను తెచ్చుకొని, మొదలుపెట్టిన చోటినుండియే మరల మొదలుపెట్టిరి. రికార్డు పక్కాగా నుండవలెనని ఆయన వాదము.

ఆయన లక్ష్యము దినమునకు 10,000 అడుగులు. మన పూర్వులు భోజనానంతరమున నూఱడుగులు వేసిన ఆరోగ్యమునకు జాలునని తృప్తిపడిరి. ధరలతోపాటు అడుగులును పెరిగినవి కాబోలు! ఈ పదివేల సంఖ్యను ఏ ధన్వంతరియు ఉపదేశించలేదు. టోక్యోలో 1964 నాటి ఒలింపిక్ క్రీడలు ముగిసి, జపానుదేశమున వ్యాయామముపై మోజు వేడిగా నున్న తరుణమున, 1965లో యమసా అను గడియారముల సంస్థ నడుమునకు తగిలించుకొను అడుగుల యంత్రము నొకదానిని అంగళ్లకు దింపి, దానికి పదివేల అడుగుల మీటరని పేరు పెట్టెను. అమ్మకమునకై పెట్టిన పేరు క్రమముగా వైద్యశాస్త్రమై, పిదప ధర్మశాస్త్రమై కూర్చున్నది. 2019లో అమెరికాలో వయసు మీరిన స్త్రీలపై జరిగిన పరిశోధన యొకటి, దినమునకు సుమారు 7,500 అడుగులు దాటిన పిమ్మట ఆయుర్లాభము మఱింత పెరుగుట కానరాలేదని తేల్చినది. ఈ ముక్క నేను తహశీల్దారుగారి చెవిని వేయగా, ఆయన చిరునవ్వు నవ్వి, "అది ఆడవాళ్ల సంగతి కదా మాస్టారూ! పైగా ఏడున్నర వేలకి మా ఆప్‌లో బాణసంచా కాలదు" అనిరి. ఈ ప్రమాణమును ఖండించుటకు నాకు తర్కశాస్త్రమున ఆధారము దొరకలేదు.

ఇట్టి మహానుభావునకు పాతఫోనుపై విశ్వాసము సడలుటకు కారణము సింహాచల గిరిప్రదక్షిణము. ఆషాఢపౌర్ణమి ముందటి దినమున తొలిపావంచావద్ద కొబ్బరికాయ కొట్టి, కొండచుట్టును 32 కిలోమీటర్లు లక్షలాది భక్తులతో గూడ ఆయనయు నడచిరి. కాళ్లు బొబ్బలెక్కినవి, పుణ్యము దక్కినది. కాని మఱునాడుదయము ఆప్ తెఱచి చూడగా, హనుమంతవాకవద్ద ఆయన యంతర్ధానమైనట్లు కనబడెను. అందులో మాయయేమియు లేదు. కొన్ని ఫోనులు బ్యాటరీని పొదుపు చేయు మిషతో, తెరవెనుక పనిచేయుచున్న ఆప్‌లను యజమానికి మాటమాత్రమైనను చెప్పక గొంతు నులిమివేయును. అట్లు చేయవలదని బ్యాటరీ సెట్టింగులలోనికిం బోయి ఆ ఆప్‌నకు ప్రత్యేకముగా అభయమీయవలెను. ఆ అభయము ఒక్కొక్క కంపెనీ ఫోనులో ఒక్కొక్క మారుమూల దాగియుండును. ఫోను కొనువాడు మొదట విచారింపవలసిన సంగతియిదియే గాని, ఏ ప్రకటనయందును ఇది కానరాదు. "పోనిండి, స్వామివారి లెక్కలో ఉంటుంది కదా" యని నేను ఓదార్చబోగా, ఆయన నిట్టూర్చి, "స్వామి స్క్రీన్‌షాట్ ఇవ్వడు కదండీ" అనిరి.

కావున డాబాగార్డెన్సులోని ఒక దుకాణమునకుం బోతిమి. అందలి కుర్రవాడు మా మొగములు చూచుటయే తడవుగా, "200 మెగాపిక్సెల్ కెమెరా సార్, డిస్‌ప్లే అదిరిపోద్ది, గేమింగ్‌కి తిరుగులేదు" అని ధారాళముగా స్తోత్రపాఠము చేసెను. డెబ్బదియేండ్లకు చేరువైన మనుష్యుడు నడచుటకై కొను వస్తువునకు ఆటలతోను కెమెరాతోను పనియేమని నేనడిగితిని. "సెల్ఫీ బాగా వస్తాది సార్, వాకింగ్ గ్రూపులో పెట్టుకోవచ్చు" నని వాడు బదులు చెప్పెను. తహశీల్దారుగారి మొగము వికసించుట చూచి, కొనువాని హృదయమును నాకంటె ఆ బాలుడే చక్కగా చదివెనని యొప్పుకొంటిని.

నిజమునకు నడకరి చూడవలసినవి ఎవరును స్తోత్రము చేయని చిన్నచిన్న పరికరములు. యాక్సెలరోమీటరను సూక్ష్మయంత్రము దేహము ఊగిన ప్రతిసారియు పుట్టు కుదుపును పసిగట్టి, ఆ కుదుపుల క్రమమునుబట్టి ఇది నడక యని ఊహించును. 2013లో వచ్చిన ఆండ్రాయిడ్ 4.4 నుండి, ఈ లెక్కించు పనిని ఫోనులోని ముఖ్య ప్రాసెసరుచేత గాక, అతిస్వల్ప విద్యుత్తుతో ఎల్లవేళల మేల్కొనియుండు ఒక చిన్న విభాగముచేత చేయించు ఏర్పాటు కలదు. ఆ యేటి ఐఫోనుకును ఇట్టి సేవకుడొకడు దొరికెను. ఇది యున్న ఫోను దినమంతయు లెక్కించినను డస్సిపోదు. అయితే ఈ లెక్కరి మిక్కిలి అనుమానపు మనిషి. ఒకటి రెండు కుదుపులను నడకగా నంగీకరింపక, వరుసగా మఱికొన్ని పడువఱకు వేచియుండి, అప్పుడు గాని ఖాతా తెఱవడు. త్రివిక్రముడు నేడవతరించి బలిచక్రవర్తి యజ్ఞవాటికలో ఫోను జేబున బెట్టుకొని ముల్లోకములను కొలిచినయెడల, ఆ మూడడుగులను ఏదో పొరపాటు కదలికగా నెంచి ఆప్ కొట్టివేసియుండెడిది. దానము చెల్లలేదని శుక్రాచార్యుడు సంతోషించియుండెడివాడు.

ఇక దూరము కొలుచుట జీపీఎస్ పని. భూమికి దాదాపు 20,200 కిలోమీటర్ల యెత్తున తిరుగు ఉపగ్రహములనుండి వచ్చు సంకేతములలో కనీసము నాలుగింటిని పట్టుకొని ఫోను తానున్న చోటును గణించుకొనును. ఆకాశమునుండి తిన్నగా వచ్చిన సంకేతమైన చిక్కులేదు. ఎత్తయిన మేడలకు కొట్టుకొని ఆలస్యముగా చేరిన ప్రతిధ్వనులే దానిని భ్రమింపజేయును. బీచిరోడ్డున ఒకవంక మేడలవరుస, వేఱొకవంక సముద్రము. తహశీల్దారుగారి పాతఫోను గీసిన పటములో ఆయన కొంతదూరము కెరటములమీదుగా నడచి, కురుసురా జలాంతర్గామిలోనికి పార్శ్వమునుండి ప్రవేశించి, ఆవలివైపున బయల్వెడలినట్లున్నది. 2002 నుండి ప్రదర్శనశాలగా నున్న ఆ నౌకలోనికి టిక్కెట్టు లేక, తలుపు లేక ప్రవేశించిన సందర్శకుడు ఆయన యొక్కరే కావచ్చును! ఈ రోగమునకు మందు, రెండు వేర్వేఱు పౌనఃపున్యములలో సంకేతములను స్వీకరించు ఫోను: ఎల్1 యొకటి, ఎల్5 యొకటి. 2018లో షావోమీ వారి మీ 8 తో మొదలైన ఈ సౌకర్యము ఇప్పటికిని చౌకఫోనులన్నిటికి దిగిరాలేదు. పెట్టెపై నున్న సన్నని యక్షరములలో ఎల్5 అను ముద్రకై వెదకుడని చెప్పితిని. కుర్రవాడు పెట్టెను త్రిప్పి త్రిప్పి చూచి, "లెన్సులు మూడున్నాయి సార్" అని సమాధానపఱచెను.

అడుగుల లెక్కయు, దూరపు లెక్కయు రెండు వేర్వేఱు శాఖలని కొనువారు తెలిసికొనుట మంచిది. తల్లిదండ్రులకు ప్రదక్షిణముచేసి భూప్రదక్షిణఫలము పొందిన వినాయకునకు యాక్సెలరోమీటరు కొన్ని యడుగులైన వేయును; జీపీఎస్ మాత్రము స్వామి నిలుచున్న చోటనుండి కదలలేదని తీర్పు చెప్పి, పందెమును నెమలిపై తిరిగివచ్చిన తమ్మునికే కట్టబెట్టును.

మెట్లెక్కుట లెక్కించుటకు బారోమీటరు కావలెను. ఎనిమిది మీటర్లెక్కిన గాలి యొత్తిడి సుమారొక మిల్లీబారు తగ్గుననుట దాని రహస్యము. మధ్యతరగతి ఫోనులలో అది తఱచుగా నుండదు, అడిగినను చెప్పువాడుండడు. కేలరీల ముచ్చట ఇంతకన్న క్లుప్తము. డెబ్బది కిలోల మనుష్యుడు ఒక గంట ఓ మోస్తరు వేగముతో నడచిన సుమారు 245 కేలరీలు ఖర్చగునని పుస్తకపు లెక్క. ఊరక కూర్చున్నను ఖర్చయ్యెడి భాగమును అందులోనిదే. ఆ మొత్తమును తిరుగుదారిలో పెసరట్టుప్మా యొకటి వడ్డీతోసహా తీర్చివేయును గావున, దీనికై ఫోనును నిందించుట న్యాయము కాదు.

తుదకు రెండు ఫోనులు మిగిలినవి. రెండింటిని చెఱియొక జేబునను వైచుకొని తహశీల్దారుగారు వీథిమలుపు వఱకు నడచి వచ్చిరి; నేను వెంట నడచి నోటితో లెక్కించితిని. ఒక ఫోను నా లెక్కకు మూడడుగుల తేడాలో నిలిచెను. రెండవది, దుకాణపు మెట్లుదిగునప్పటి తొట్రుపాటును, దారిలో ఒక మిత్రునకు చేసిన నమస్కారమును గూడ కలుపుకొని, యాభైకి పైచిలుకు అడుగులు ఎక్కువగా జూపెను. సత్యవాదియైన ఫోను ఏదో కంటికెదురుగా తేలినది. ధరయును దానికే తక్కువ. తహశీల్దారుగారు రెండు తెరలను మార్చి మార్చి చూచి, మొదటిదానిని బల్లమీద నుంచి, "ఇది కాస్త పిసినారిలా ఉందండీ" యని రెండవదానికి డబ్బు చెల్లించిరి. "ఎక్కువమంది ఇదే పట్టుకెళ్తారు సార్" అని కుర్రవాడు వినయముగా ననెను. వాని మాటను నేను పూర్తిగా విశ్వసించితిని. మన బరువును నిజముగా చెప్పు కాటాను మంచముక్రిందికి త్రోసి, యౌవనమునాటి ఫోటోను గోడకు తగిలించుకొను జాతి మనది; మన యడుగులను కుండబద్దలు కొట్టినట్లు లెక్కించు ఫోను అమ్ముడుపోయినచో నేనాశ్చర్యపడవలసియుండెడిది.

ఆ యింట నింకొక ఫోను కలదు. అది ఆయన కోడలిది. ఆమె తెల్లవారుజాము మొదలు రాత్రి వఱకు వంటింటికిని పెరటికిని, వాకిలికిని మేడకును తిరుగుచునే యుండును. చీరకు జేబు లేదు గావున ఆమె ఫోను వంటింటి అలమరలో ఛార్జింగు తీగకు కట్టుబడియుండి, మధ్యాహ్నమునకు "మీరు చాలాసేపటినుంచి కూర్చునే ఉన్నారు, కాస్త లేచి నడవండి" యని హితవు చెప్పుచుండును. ఈ యన్యాయమును నేను ప్రస్తావింపగా తహశీల్దారుగారేమియు చలింపలేదు. దున్నెడి కౌలుదారుని పేరు అడంగలులో లేకుండుట ఆయన తన కొలువులో పెక్కుమార్లు చూచినదే.

కొత్తఫోను వచ్చిన వారమున ఒకరాత్రి నేనాయన యింట కూర్చుండియుంటిని. తొమ్మిది గంటలు దాటినది. ఆయన తెర చూచుకొని, పదివేలకు ఇంకను కొన్ని వందలు తక్కువ పడినవని గుర్తించి, కుర్చీలోనుండి లేవకయే లోపలికి తలత్రిప్పి, "అమ్మాయీ, బట్టలు తేవడానికి మేడమీదకి వెళ్తున్నావా? వెళ్తే ఈ ఫోను కాస్త పట్టుకెళ్లమ్మా" యని పిలిచిరి. "అలాగే మామయ్యగారూ" అని ఆమె దానిని బొడ్డున దోపుకొని పైకిం బోయి, ఆరిన బట్టలన్నియు దించి, తులసికోటవద్ద నీళ్లచెంబు సర్ది, గేటుకు తాళమువైచి వచ్చి, ఫోనును ఆయన చేతికిచ్చెను. తెరపై బాణసంచా కాలుచుండెను. ఆయన దానిని స్క్రీన్‌షాట్ తీసి గ్రూపులో పెట్టిరి. నా ఫోను మ్రోగినది. ఎదుటనే కూర్చుండియుండుటచే నేనును బొటనవ్రేలు పంపక తప్పినది కాదు.