అంకవన్నె సారు

"ఆ కాలంలో అది లేదు" అంటూ పొద్దున లేచి, అదే మాటతో రాత్రి పడుకునే మనిషి ప్రతి ఊళ్లో ఒకడుంటాడు. సంస్థానాలు ఏలిన మా పాలమూరు దక్షిణపు కొసన, గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు పక్కల అయితే వీధికొకడు. రిటైరైన డ్రిల్లు సారో, సోషల్ సారో అయ్యుంటాడు. చంకలో సురవరం ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' ఉంటుంది. 1955లో తెలుగుకు మొట్టమొదటి సాహిత్య అకాడమీ అవార్డు తెచ్చిన పుస్తకమనీ, రాసినాయన మన నడిగడ్డ మనిషేననీ మీరు అడక్కముందే చెప్తాడు. టీ తాగుతూ చెప్తాడు. ఆ కాలంలో టీ లేదు కదా సారూ అంటే, గ్లాసు కింద పెట్టకుండానే, "నేను మాట్లాడేది యుద్ధాల సంగతిరా" అంటాడు.

ఈ జాతిలో ఊరికో రకం. వనపర్తి రకం హైదరాబాదు పోయేవాళ్లను బస్టాండులో ఆపుతుంది. "ఏసీ గార్డ్స్‌లో ఏసీ అంటే ఏంది?" చల్లగాలి అన్నారో, మీ బస్సు వెళ్లిపోయినట్టే. "ఆఫ్రికన్ కావల్రీ! మా రాజా రామేశ్వరరావు పెంచిన హబ్షీల గుర్రపుదండు నిజాం కొలువుకు పోయింది, వాళ్లుండిన పేటరా అది!" ఆ రాజుల ప్యాలెస్‌లోనే 1959లో నెహ్రూ వచ్చి పాలిటెక్నిక్ తెరిచిన సంగతి మాత్రం కొంచెం నొచ్చుకుంటూ చెప్తాడు. గుర్రాలు సకిలించాల్సిన చోట లేత్ మిషన్లు తిరగడం ఆయనకు ఇష్టం లేదు. నాగర్‌కర్నూలు రకం వేరు. ఊరి పేరు నాగన్న, కందన్న అనే అన్నదమ్ములదా, బండి ఇరుసుకు పూసే కందెనదా అన్నది తేలందే ఇంకో మాట ఎత్తడు. అది తేలేది కాదు కాబట్టి ఆయనతో ప్రమాదం లేదు.

ప్రమాదమంతా గద్వాల రకంతోనే. ఈయన మాటలతో ఆగడు, వేషం కడతాడు.

మా సారు ఈ రకం. నాకు ఏడో తరగతిలో డ్రిల్లు చెప్పాడు. కిందటేడు ఒక ఊరేగింపులో గుర్రమెక్కి, గద్వాల కోట కట్టించిన సోమనాద్రి వేషంలో తిరగాలని నిశ్చయించాడు. తలపాగా కుదిరింది, అంగరఖా కుదిరింది. అంగరఖాకు దర్జీ జిప్పు పెడితే రాత్రికి రాత్రి పీకించి ముడులు కుట్టించాడు. ఇక మిగిలింది జీనుకు వేలాడే రికాబులు. బజారులో దొరికేవి మెరిసే స్టీలువి. "ఆ కాలంలో స్టెయిన్‌లెస్ స్టీలు లేదు" అని నన్ను బండి వెనక కూర్చోబెట్టుకుని కొలిమికి తీసుకుపోయాడు.

"ఆచారీ, ఒక జత అంకవన్నెలు కావాలె."

"వన్నెలంటే పెయింటరు దగ్గరికి పో సారూ. నా దగ్గర నలుపొక్కటే."

"రికాబులయ్యా! గుర్రమెక్కితే కాలు పెట్టేవి. రికాబు అరబ్బీ మాట. మన మాట అంకవన్నె."

"గుర్రం యాడుంది?"

"గుర్రం తర్వాత."

ఆచారి నలభై ఏళ్లుగా కొలిమి ముందు కూర్చున్నాడు. కర్రు చేయించుకోవడానికి వచ్చినవాడెవడూ 'నాగలి తర్వాత' అనలేదు. అయినా మర్యాదస్తుడు, కూర్చోమని పీట వేశాడు.

సారు మొదలుపెట్టాడు. సాంచీ శిల్పాల్లో రౌతులకు బొటనవేలు దూర్చే తాడు మాత్రమే ఉందనీ, రెండు కాళ్లకూ రెండు రికాబులున్న బొమ్మలు చైనాలో నాలుగో శతాబ్దపు సమాధుల్లో దొరికాయనీ, కాలికి ఆనిక దొరికాకే రౌతు జీను మీద నిలదొక్కుకుని ఈటె పొడవగలిగాడనీ. ఆచారి శ్రద్ధగా విని, "అయితే తాడే కట్టుకో సారూ, నాకు బొగ్గు మిగుల్తది" అన్నాడు.

సారు వినే దశలో లేడు. సోమనాద్రి గుర్రం కథ అందుకున్నాడు. శత్రువుల చేతికి చిక్కిన గుర్రాన్ని తేవడానికి వెళ్లిన బంటు గడ్డిలో దాక్కున్నాడట. సాయీసు గుర్రాన్ని కట్టడానికి దిగ్గొట్టిన మేకు ఆ బంటు అరచేతిలోంచి దిగిందట. కిక్కురుమనకుండా చెయ్యి నరుక్కుని గుర్రాన్ని తోలుకొచ్చాడట. చెప్తూ చెప్తూ సారు కళ్లు తుడుచుకున్నాడు. ఆచారి కూడా కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగాడు: "మేకు ఎంత లావుండె సారూ?"

ఇనుము దగ్గర పేచీ వచ్చింది. సారు ఎక్కణ్నుంచో లారీ కమాన్ కట్ట మోసుకొచ్చాడు. "ఇది కొడవలికి, గొడ్డలికి" అన్నాడు ఆచారి. "దీనికి వద్దు. కాల్చి నీళ్లల్ల ముంచితే బిర్రుగయితది, రాయికి తగిల్తే పుటుక్కుమంటది. అతుకు కూడా సరిగ పట్టదు. మెత్తటి సలాక కావాలె, నున్నటిది."

"సలాకా? ఆ కాలంలో..."

"ఆ కాలంలో ఇనుముండె కదా సారూ?"

సారు నోరు మూతపడటం నేను చూసింది ఆ ఒక్కసారే.

తెరిచింది మళ్లీ కరెంటు బ్లోయరును చూశాక. తోలుతిత్తి కావాలన్నాడు. తిత్తిని ఎలుకలు తిని పదేళ్లయిందట. చేత్తో తిప్పే పంకా మూలనుంటే దింపించి, తానే తిప్పుతానని కూర్చున్నాడు. పావుగంట కూడా కాలేదు, నాచేత నీళ్లు తెప్పించుకుని బీపీ గోలీ వేసుకున్నాడు. తర్వాత బ్లోయరుకు ఒప్పుకున్నాడు, ఫొటోలో పడకూడదన్న షరతు మీద.

పని మొదలయ్యాక మాత్రం వెక్కిరించడానికేమీ లేదు. రెండడుగుల సలాక నడిమి భాగం పసుపు రంగుకొచ్చేదాకా కాల్చి, ఆచారి పట్టకారుతో దాగలి మీద పెట్టాడు. ఆయన భార్య చీర కుచ్చిళ్లు దోపుకుని సమ్మెట ఎత్తింది. ఆచారి చిన్న సుత్తెతో ఎక్కడ తాకిస్తే ఆమె సమ్మెట అక్కడ పడుతుంది. సుత్తె పక్కకు జరిగి దాగలి మీద ఉత్తగా టింగుమంటే ఆపమని. ఇద్దరి మధ్య ఒక్క మాట లేదు. నడిమి భాగం రెండు వేళ్ల వెడల్పు పట్టీగా సాగింది, పాదం ఆనేది అక్కడే. మళ్లీ కాల్చి పాత ఇరుసు ముక్క మీద రెండు కొసలనూ పైకి వంచారు. కొసలు కలిసేచోట వెలిగారం చల్లి, తెల్లటి కాక వచ్చి నిప్పురవ్వలు రాలే క్షణాన రెండు దెబ్బలేస్తే అతుక్కుపోయాయి. అక్కడ పొడుగాటి కన్ను తొలిచారు, తోలుపట్టీ దూరడానికి.

కొలత దగ్గర సారు బిగుతుగా ఉండాలన్నాడు, కాలు జారకుండా. ఆచారి ఒప్పుకోలేదు. ఎద్దులకు నాలలు కొట్టిన మనిషికి గిట్ట సంగతి తెలుసు, పాదం సంగతీ తెలుసు. "పక్కన వేలు దూరాలె సారూ. పడ్డప్పుడు కాలు ఇవతలికి రాకపోతే గుర్రం నిన్ను బొంద దాక ఈడుస్తది." సారు ఒక వేలు కాదు, రెండు వేళ్లు దూరేట్టు చేయమన్నాడు.

మొదటిది ఒక పూటలో అయింది. రెండోదానికి రెండు రోజులు పట్టింది, ఎందుకంటే అది మొదటిదానిలా ఉండాలి. ఉండలేదు. ఎడమది కుడిదానికన్నా కాస్త పెద్దది. నేను భయపడ్డాను గాని, సారు రెండూ పక్కపక్కన పెట్టి చూసుకుని మురిసిపోయాడు. "చూశావురా, ఒక్క తీరుగ లేవు! అసలైనవి!" ఎంతివ్వాలంటే ఆచారి కాసేపు ఆలోచించి, నాలుగు కర్రుల పైసలు అడిగాడు. ఆ ఏడు కర్రు అడిగినవాళ్లు నలుగురు లేరు. ఊరంతా ట్రాక్టర్లే.

ఊరేగింపు నాడు గుర్రం వచ్చింది, పెళ్లిళ్లకు అద్దెకిచ్చే తెల్లగుర్రం. అంకవన్నె అంత ఎత్తుకు సారు కాలు లేవలేదు. నీలం రంగు ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేశాం. ఆయన నావైపు చూశాడు. నేను ఏమీ అనలేదు. ఎక్కాడు. గుర్రం బాగానే నడిచింది గాని, దారిలో ప్రతి ఫంక్షన్ హాలు ముందూ దానంతటదే ఆగింది. తాషా మోగిన చోటల్లా ముందరి కాళ్లెత్తి ఆడింది. సోమనాద్రి దాని మెడ పట్టుకుని, కళ్లు మూసుకుని, కిందపడకుండా ఊరంతా తిరిగాడు. రికాబులు మాత్రం కదల్లేదు.

ఇప్పుడవి సారు ముందరింట్లో గోడకున్నాయి. కుడిదానికి స్కూటర్ తాళాలు, ఎడమదానికి మందుల సంచి. గద్వాల పోతే చూసి రండి, టీ కూడా ఇస్తాడు. టేపు మాత్రం తీసుకుపోకండి.